తుంగగడ్డలాంటి తెగులు: ఆసుపత్రిలో పట్టుకునే విరేచనాల గురించి నాలుగు ఉత్తరాలు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. మా మామగారికి 68 ఏళ్లు. రెండు నెలల కిందట బాత్‌రూములో జారిపడి తుంటి ఎముక విరిగితే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. ఆపరేషన్ బాగానే జరిగింది. రెండు పూటలా యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇస్తూ వచ్చారు. ఆరో రోజు నుంచి నీళ్ల విరేచనాలు మొదలై రోజుకు ఎనిమిది, పది సార్లు అయ్యేవి. అక్కడి సిస్టరును అడిగితే, మేము ఇంటి నుంచి క్యారియరులో తెచ్చిన రాగిసంగటి అరగలేదన్నారు. విరేచనాలు ఆగడానికి మాత్రలిచ్చి తొమ్మిదో రోజు ఇంటికి పంపారు. ఇంటికొచ్చాక కడుపు ఉబ్బింది, జ్వరం వచ్చింది. వేరే ఆసుపత్రికి తీసుకెళితే మలం పరీక్ష చేసి ‘సి.డిఫ్’ అన్నారు. పది రోజులు మందు వాడాక తగ్గింది. ఆ సంగటి తన చేత్తో కెలికిందని మా అత్తగారు ఇప్పటికీ బాధపడుతున్నారు. తప్పు నిజంగా భోజనానిదేనా? మళ్లీ వస్తుందా? ఇంట్లో వాళ్లకు అంటుతుందా? – ఒక పాఠకురాలు, కల్లూరు, కర్నూలు

జవాబు: ముందుగా మీ అత్తగారికి చెప్పండి, ఆ సంగటికీ ఈ జబ్బుకూ ఏ సంబంధమూ లేదు. ఆసుపత్రిలో విరేచనాలు పట్టుకుంటే ఇంటి క్యారియరు మీదికి తోసెయ్యడం మన వైపు పాత అలవాటు. దానివల్ల అసలు కారణం వెతికే పని తప్పిపోతుంది.

సి.డిఫ్ అని మీకు చెప్పిన బాక్టీరియా పూర్తి పేరు క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్. 1935లో పుట్టినబిడ్డల మలంలో దీన్ని మొదట గుర్తించినప్పుడు, ప్రయోగశాలలో పెంచడం కష్టంగా ఉందని, లాటిన్‌లో కష్టమనే అర్థమొచ్చే ఈ పేరు పెట్టారు. అప్పట్లో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. యాంటీబయాటిక్‌ల తరువాత పెద్దపేగు వాచి, లోపల పసుప్పచ్చటి పొరలు కట్టే జబ్బుకు కారణం ఇదేనని 1978లో తేలింది.

రైతు కుటుంబాలలో పుట్టినవాళ్లకు దీని నడక చెప్పడం సులభం, ఎందుకంటే ఇది అచ్చం తుంగ లాంటిది. కలుపుమందు కొట్టి చేనంతా మాడ్చినా నేలలోని తుంగగడ్డ చావదు, పైగా పోటీ పడే పైరు లేకపోయేసరికి చినుకు పడగానే అదే ముందు మొలుస్తుంది. మన పెద్దపేగులో వందల జాతుల బాక్టీరియా ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకుంటూ బతుకుతాయి. గాయంలోనో ఊపిరితిత్తుల్లోనో ఉన్న క్రిముల కోసం ఇచ్చిన యాంటీబయాటిక్ ఈ పేగు పైరును కూడా మాడుస్తుంది. డిఫిసిల్ మాత్రం స్పోరు అనే గట్టి గింజరూపంలో దాక్కుని ఉంటుంది. చోటు ఖాళీ కాగానే మొలకెత్తి, ఏ, బీ అనే రెండు విషాలను వదిలి పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. నాలుగో రోజు, ఆరో రోజు, పదో రోజు విరేచనాలు మొదలవడం అందుకే మామూలు. మందు ఆపేసిన రెండు మూడు నెలల దాకా కూడా ఈ అపాయం పూర్తిగా పోదు. 65 ఏళ్లు దాటినవాళ్లలో, ఎక్కువ రోజులు ఆసుపత్రిలో ఉన్నవాళ్లలో, లోగడ ఒకసారి ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఇది మరీ ఎక్కువ. కడుపుమంట కోసం పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్రలు కూడా దీనికి కొంత దారి ఇస్తాయని అనుమానం బలంగా ఉంది.

యాంటీబయాటిక్‌లన్నీ ఒకే స్థాయిలో అపాయం కావు. క్లిండామైసిన్, సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్ వంటి మూడో తరం సెఫలోస్పోరిన్లు, సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, మెరోపెనెమ్ వంటివి ముందు వరసలో ఉంటాయి. మీ మామగారి కేస్‌షీటు చూడకుండా ఆ ఇంజెక్షన్లు అనవసరమని నేను అనలేను. కానీ సాధారణ సూత్రం ఇది: చీము పట్టకుండా ముందు జాగ్రత్తగా ఇచ్చే యాంటీబయాటిక్ కోత పెట్టడానికి కొద్దిసేపటి ముందు రక్తంలోకి చేరాలి, ఆపరేషన్ ముగిశాక దాన్ని రోజుల తరబడి పొడిగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. మన దగ్గర చాలాచోట్ల కుట్లు విప్పేదాకా కొనసాగించడం ఒక ధైర్యం కోసమే జరుగుతున్నది. ఆ ధైర్యం డాక్టరుది, రోగి పేగులకు మాత్రం అది ఖర్చు.

విరేచనాలు ఆగే మాత్ర సంగతి. కారణం తెలియకుండా ఆసుపత్రి విరేచనాలను బిగించి ఆపితే విషం పేగులోనే నిలిచిపోవచ్చు. కడుపు ఉబ్బడం, జ్వరం, ఆగకుండా నొప్పి, వీటిలో ఏది కనిపించినా అది ఎదురుచూడవలసిన సమయం కాదు. పెద్దపేగు గాలిబుడగలా సాగిపోయి ప్రాణం మీదికి వచ్చే దశ కూడా ఈ జబ్బులో ఉంది. మీరు వెంటనే వేరే ఆసుపత్రికి తీసుకెళ్లడం మంచి పని అయింది.

ఈ జబ్బుకు ఇచ్చే వాంకోమైసిన్ నోటి ద్వారానే ఇవ్వాలి, 125 మి.గ్రా. చొప్పున రోజుకు నాలుగుసార్లు పది రోజులు. నరానికి ఎక్కిస్తే అది పెద్దపేగులోకి చేరదు. క్యాప్సూళ్లు దొరక్క ఊరంతా తిరిగే కుటుంబాలను చూశాను. ఇంజెక్షన్ సీసాలోని పొడినే నీళ్లలో కలిపి తాగించవచ్చు, అది డాక్టరు రాసి ఇచ్చాక ఫార్మసిస్టు చేయగల పనే. ఫిడాక్సోమైసిన్ అనే మరో మందు ఉంది. మెట్రోనిడజోల్‌ను ఇప్పుడు ఇవి దొరకని చోట, అదీ జబ్బు తేలికగా ఉన్నప్పుడే వాడుతున్నారు.

మళ్లీ వస్తుందా అని అడిగారు. సుమారు అయిదుగురిలో ఒకరికి మళ్లీ వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు నెలల్లోనే. అందువల్ల ఈ జబ్బు వచ్చినట్టు ఒక కాగితం మీద రాసి ఆధార్ కార్డుతో పాటే ఉంచండి. రేపు పంటినొప్పికి వెళ్లినా యాంటీబయాటిక్ రాసే ముందు దాన్ని చూపించండి. విరేచనాలు తగ్గాక ‘పోయిందో లేదో’ అని మళ్లీ మలం పరీక్ష చేయించకండి, బాగైనవాళ్లలో కూడా అది కొన్ని వారాలు పాజిటివ్‌గానే ఉండవచ్చు. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అంటడం అరుదు. రోగి ఉపయోగించిన మరుగుదొడ్డిని బ్లీచింగ్ నీళ్లతో కడగడం, సబ్బుతో చేతులు కడుక్కోవడం చాలు.

ప్రశ్న: నేను కర్నూలులో వంద పడకల ఆసుపత్రిలో నర్సింగ్ ఇన్‌ఛార్జిని. మా వార్డులో యాంటీబయాటిక్ తరువాత విరేచనాలు అయ్యేవాళ్లు నెలకు కొందరు ఉంటారు. వీటిని లెక్క పెట్టాలా, ఎలా లెక్క పెట్టాలి? మేనేజ్‌మెంటుకు చెబితే ‘లెక్క రాస్తే మన ఆసుపత్రికే చెడ్డపేరు’ అంటున్నారు. సి.డిఫ్ పరీక్ష మా ల్యాబులో లేదు. అన్ని మంచాల దగ్గరా శానిటైజర్ పెట్టాం, ఇంకేం చెయ్యాలి? – ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాకు బాగా నచ్చినది మీది. అందుకే జవాబు పొడుగవుతుంది.

లెక్క పెట్టాల్సిందే. పెట్టకపోతే విరేచనాలు ఆగవు, కనబడకుండా పోతాయి, అంతే. ఇంగ్లండులో 2004 నుంచి 65 ఏళ్లు దాటిన రోగులలో ఈ కేసులను ప్రభుత్వ ఆసుపత్రులన్నీ తప్పనిసరిగా నివేదించాలన్నారు, 2007లో రెండేళ్లు దాటినవాళ్లందరికీ దాన్ని విస్తరించారు. 2007-08లో 55 వేలు దాటిన కేసులు 2013-14 నాటికి 14 వేల లోపుకు దిగాయి. అపాయం ఎక్కువున్న యాంటీబయాటిక్‌ల వాడకాన్ని కుదించడం, చేతుల శుభ్రత, గదుల శుభ్రత, ఇవన్నీ కలిసి చేసిన పని అది; అయితే ఎక్కడ ఏం జరుగుతున్నదో చూపించింది మాత్రం ఆ లెక్కే. మొదలుపెట్టిన కొత్తలో మీ అంకె పెరుగుతుంది. మీ మేనేజ్‌మెంటుకు ముందే చెప్పండి, అది జబ్బు పెరగడం కాదు, చూపు పెరగడం.

పరీక్ష లేకపోయినా మొదలుపెట్టవచ్చు. ఇరవై నాలుగు గంటల్లో మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు, పెట్టిన గిన్నె ఆకారం తీసుకునేంత పలచగా విరేచనమైతే ఒక కేసుగా రాయండి. గత రెండు రోజుల్లో విరేచనం కావడానికి మందు వేశారేమో చూసి, వేసి ఉంటే ఆ రోగిని పక్కన పెట్టండి. ఎనిమా ఇచ్చి, ఆపై విరేచనాలని కేసు రాయడం నేను చాలాసార్లు చూశాను. ట్యూబు ద్వారా పాలు పోస్తున్నారేమో కూడా చూడాలి. యాంటీబయాటిక్ తరువాత వచ్చే విరేచనాలలో ఎక్కువ భాగం సి.డిఫ్ కాదు, మందు మార్చితేనో ఆపితేనో తగ్గిపోయేవే. కాబట్టి మీ పుస్తకంలో రెండు వరసలు ఉండాలి: యాంటీబయాటిక్ విరేచనాలు ఒకటి, వాటిలో పరీక్షతో తేలిన సి.డిఫ్ ఇంకొకటి.

రోగి చేరిన నాలుగో రోజు గానీ ఆ తరువాత గానీ తీసిన నమూనా పాజిటివ్ అయితే అది మీ ఆసుపత్రిలో పుట్టిన కేసు. మొదటి మూడు రోజుల్లో తేలితే బయటి నుంచి వచ్చినది. అయితే ఆ రోగి గత నాలుగు వారాల్లో మీ దగ్గరే పడుకుని వెళ్లి ఉంటే అది మీదే, వేరే గడిలో రాయండి. అదే రోగికి రెండు వారాల్లోపు మళ్లీ పాజిటివ్ వస్తే కొత్త కేసు కాదు, రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య వస్తే తిరగబెట్టిన కేసు. ఇక రోజూ అర్ధరాత్రి ఎంతమంది రోగులున్నారో మీరు ఎలాగూ రాస్తారు. ఆ నెల సంఖ్యలన్నీ కూడితే రోగి-రోజులు వస్తాయి. సగటున 80 మంది ఉంటే 30 రోజులకు 2,400 రోగి-రోజులు. ఆ నెలలో ఆసుపత్రిలో పుట్టిన కేసులు మూడయితే, మూడును 2,400తో భాగించి 10,000తో హెచ్చించండి, 12.5 వస్తుంది, అంటే పది వేల రోగి-రోజులకు 12.5 కేసులు. చాలా దేశాల్లో ఈ తరహా లెక్కే వాడుతున్నారు. దాన్ని పక్క ఆసుపత్రితో పోల్చి కొట్టుకోవద్దు, పోయిన నెల మీ అంకెతోనే పోల్చుకోండి. మీ అంత చిన్న ఆసుపత్రిలో ఒక్క కేసు అటూఇటూ అయినా అంకె బాగా ఊగుతుంది కనుక మూడు నెలలకు కలిపి చూడటం మేలు.

నమూనాను బయటి ల్యాబుకు పంపేటప్పుడు ఒక జాగ్రత్త. పరీక్ష వెతికే విషం మామూలు వేడిలోనే కొద్ది గంటల్లో చెడిపోవడం మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే మన ఊళ్లో, కొరియరు కుర్రాడు వచ్చేదాకా కౌంటరు మీద ఎండకు కూర్చున్న డబ్బా ‘నెగటివ్’ అని వచ్చిందంటే నమ్మడానికి లేదు. ఫ్రిజ్‌లో ఉంచి, ఐసుపెట్టెలో అదే రోజు పంపండి. గట్టిగా అయిన మలాన్ని అసలు పంపకండి.

అంకె కంటే ముఖ్యమైనది, ఏ మంచం దగ్గర ఏ తేదీన మొదలైందో రాయడం. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఒక సిస్టరు గారు రూళ్ల నోటుపుస్తకానికి దారంతో పెన్సిలు కట్టి వార్డు తలుపుకు వేలాడదీసేవారు. ఒక పదిహేను రోజుల్లో 4, 9, 17 నంబరు మంచాలలో విరేచనాలు మొదలయ్యాయి. మూడూ మూడు మూలలు, ఏ రెండూ పక్కపక్కన లేవు, డాక్టర్లు కూడా వేరువేరు. ఆ పుస్తకం చూస్తూ చూస్తూ, మూడు మంచాల రోగులూ లేవలేనివాళ్లేనని, ముగ్గురికీ ఒకే చక్రాల కమోడు కుర్చీ వెళుతున్నదని ఆమే పట్టుకున్నారు. ఆ కుర్చీని రోజూ కడిగేవారు, ఫినాయిలు వాసన కూడా ఘాటుగా వచ్చేది. తిప్పి చూస్తే సీటు అంచున రెగ్జిన్ జానెడు చీలి, లోపలి స్పాంజి గోధుమరంగుకు తిరిగి ఉంది. సీటును పారేసి గట్టి ప్లాస్టిక్‌ది బిగించారు. ఆ నెల తరువాత మళ్లీ అలాంటి గుంపు రాలేదు. అప్పుడు మా దగ్గర ఏ పరీక్షా లేదు, కాబట్టి అది సి.డిఫే అని ప్రమాణం చెయ్యలేను.

ఫినాయిలు స్పోరును చంపదు. మీరు మంచం మంచానికీ పెట్టిన శానిటైజర్ కూడా చంపదు. ఆల్కహాలు మిగతా చాలా క్రిములకు మంచి మందే, కనుక సీసాలు తీసెయ్యకండి. విరేచనాల రోగి దగ్గర మాత్రం చేతులకు గ్లవ్స్ వేసుకుని, పని కాగానే విప్పి, సబ్బుతో నీళ్ల ధార కింద రుద్ది కడగాలి. సబ్బు కూడా స్పోరును చంపదు, చర్మం మీద నుంచి జార్చి పారేస్తుంది. అందువల్ల ధార ఉండాలి, బకెట్లో ముంచి తీసిన చెయ్యి కడిగినట్టు కాదు. వేసవిలో మధ్యాహ్నానికి కుళాయి ఆగిపోయే వార్డులలో, మూతకు కుళాయి బిగించిన ఇరవై లీటర్ల డ్రమ్మును సింకు పైన పెట్టించడం ఏ యంత్రం కంటే తక్కువ ఖర్చు.

నేలకూ, మంచం చట్రానికీ, కమోడుకూ క్లోరిన్ కావాలి. ముందు సబ్బునీళ్లతో మురికి తీసి, ఆ తరువాత అర శాతం క్లోరిన్ ద్రావణం పూసి పది నిమిషాలు తడిగా ఉంచాలి. మంచి బ్లీచింగ్ పొడి అయితే లీటరుకు సుమారు 15 గ్రాములు, అయిదు శాతం హైపోక్లోరైటు ద్రవమైతే ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు. ఏ రోజుది ఆ రోజే కలపాలి. మూతి విప్పి ఆరు నెలలు మూలన పడేసిన బ్లీచింగ్ బస్తాలో తెల్లటి పొడి ఉంటుంది గానీ క్లోరిన్ ఉండదు. మరుగుదొడ్డి యాసిడ్‌తో దీన్ని కలపనివ్వకండి, విషవాయువు వస్తుంది. కడిగే ఆయమ్మకు ఈ ఒక్క మాట మీరే స్వయంగా చెప్పండి.

విడి గది, విడి మరుగుదొడ్డి ఇవ్వగలిగితే ఇవ్వండి, లేకపోతే ఇలాంటి రోగులను ఒక వరసలోకి చేర్చి వాళ్లకు కమోడు, బీపీ పట్టీ, థర్మామీటరు విడిగా ఉంచండి. విరేచనాలు ఆగిన రెండు రోజుల దాకా ఇది సాగాలి. వీటన్నిటికంటే మరిచిపోయేది తోడుండే మనిషిని. బెడ్‌ప్యాన్ ఎత్తేది, అదే చేత్తో అన్నం కలిపి పెట్టేది, రాత్రి మంచం కింద చాప వేసుకుని పడుకునేది కూతురో భార్యో. మీ సిబ్బందికి చేతుల శిక్షణ ఇచ్చే గంటలో పది నిమిషాలు వాళ్లకు ఇవ్వండి. వార్డు సింకు దగ్గర సబ్బుబిళ్ల మాయమవుతున్నదంటే నాలుగు ముక్కలు కోసి పెట్టండి, ముక్కను ఎవరూ ఇంటికి తీసుకుపోరు.

చివరిది మీ చేతిలో సగమే ఉన్నది. కేస్‌షీటులో యాంటీబయాటిక్ మొదలైన రోజును ఒకటిగా రాసి, ప్రతి ఉదయం రౌండులో ‘ఇది మూడో రోజు సార్, కొనసాగించాలా?’ అని అడగండి. మందు ఆపడం చాలామంది డాక్టర్లకు చేదు కాదు, గుర్తుచేసేవాళ్లు లేకనే అది సాగుతూ పోతుంది.

ప్రశ్న: ఆదోనిలో మందుల షాపు నడుపుతున్నాను. విరేచనాలని వచ్చినవాళ్లు యాంటీబయాటిక్ అడుగుతారు, ఇవ్వకపోతే పక్క షాపుకు పోతారు. యాంటీబయాటిక్‌తో పాటు, పేగులకు మేలు చేసే బతికున్న క్రిములుండే ప్రోబయాటిక్ క్యాప్సూలు ఇస్తే పేగులకు ఇబ్బంది ఉండదు కదా? – ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: ఉండదని చెప్పలేను. సి.డిఫ్ రాకుండా ప్రోబయాటిక్ కాపాడుతుందనడానికి ఆధారాలు ఒక దారిన లేవు. వైద్య మార్గదర్శకాలు అందరికీ ఇవ్వమని చెప్పడం లేదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు ఆ బతికున్న క్రిములే చేటు చెయ్యవచ్చు. ఇంటి మజ్జిగ తాగనివ్వండి, మంచిదే, కానీ దాన్ని మందు లెక్కలో వెయ్యకండి. పైకి తడిగొడుగు పట్టి కింద నిప్పు పెట్టినట్టే, అనవసరమైన యాంటీబయాటిక్‌కు జోడుగా ప్రోబయాటిక్ ఇవ్వడం. మామూలు నీళ్ల విరేచనాలకు ఓఆర్‌ఎస్ చాలు. రక్తం, జ్వరం, ఈ మధ్య ఆసుపత్రిలో ఉండి రావడం, గత మూడు నెలల్లో యాంటీబయాటిక్ వాడటం, వీటిలో ఏది ఉన్నా కౌంటరు మీది వైద్యం కాదు, డాక్టరు దగ్గరికి పంపండి. ఇక చట్టం మీకు తెలిసినదే: 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్న సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, లెవోఫ్లాక్సాసిన్ వంటివి చీటీ లేకుండా ఇవ్వకూడదు, రాసిన డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. పక్క షాపు సంగతి మీరన్నది నిజమే; కానీ ఆ రిజిస్టరును అడిగేవాళ్లు వచ్చిన రోజున పక్క షాపు మీకు తోడు రాదు.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిది నెలలు. చెవి చీముకు సిరప్ వాడాక విరేచనాలయితే ఒక ల్యాబు వాళ్లు పెద్ద ప్యాకేజీ పరీక్ష చేసి సి.డిఫ్ పాజిటివ్ అన్నారు. వాంకోమైసిన్ వాడాలా? – ఒక తల్లి, ఎమ్మిగనూరు

జవాబు: కంగారు పడకండి. ఏడాది లోపు పిల్లల పేగుల్లో ఈ బాక్టీరియా జబ్బు చెయ్యకుండా ఊరికే ఉండటం చాలా సాధారణం, దీన్ని మొదట గుర్తించిందే పుట్టినబిడ్డలలో అని పైన రాశాను. అందుకే ఈ వయసులో ఆ పరీక్ష మామూలుగా చెయ్యకూడదు. ప్యాకేజీలో ఉంది కనుక చేశారు, అంతే. ఆ కాగితాన్ని బట్టి మందు వాడవద్దు. చెవికి రాసిన సిరప్ ఇంకా అవసరమా అని పిల్లల డాక్టరును అడగండి. తల్లిపాలు ఆపకండి, ప్రతి విరేచనం తరువాత ఓఆర్‌ఎస్ పట్టండి, జింకు రోజుకు 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు వెయ్యండి. కళ్లు లోతుకు పోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, మలంలో రక్తం కనిపించినా, పాలు తాగకుండా మత్తుగా పడుకున్నా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.